రెండు రోజుల జూనియర్

కొత్తగా బ్యాంకుల్లో చేరినవాళ్ళు ఎప్పుడైనా మా ఇంటికి వస్తే, కాఫీ తాగుతూ, "మీరు ఆ రోజుల్లోనే మేనేజ్‌మెంటు మీద కేసు వేశారట గదా సార్" అని అడుగుతారు. వేశాను. వాళ్ళ దృష్టిలో నేను పెద్ద పోరాటయోధుణ్ణి అయిపోతాను. నేనూ కాదనను. ఈ వయసులో దొరికే గౌరవాన్ని వద్దనడం దేనికి? కానీ కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఇంకో ప్రశ్న వస్తుందేమోనని లోపల బెదురుగానే ఉంటుంది. "గెలిచారా?" అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతున్నాను, ఓడిపోయాను. నన్ను ఓడించడానికి బ్యాంకు పెద్దగా చెమటోడ్చలేదు. ఆ పని నేనే చేసిపెట్టాను.

అది కర్నూలు రాజధాని అయిన కొత్త. ఊళ్ళో ఇళ్ళు చాలక సర్కారు ఆఫీసులు డేరాల్లో నడిచేవి. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలు ఎండను తిట్టుకుంటూ, జొన్నరొట్టెను అనుమానంగా చూస్తూ తిరిగేవారు. మా బ్యాంకు హెడ్డాఫీసు చెన్నపట్నంలో ఉండేది. మా జిల్లాలు ఎక్కడున్నాయో అక్కడి పెద్దలకు అప్పటిదాకా సరిగ్గా తెలిసినట్టు లేదు. రాజధాని రాగానే హఠాత్తుగా మేము గుర్తొచ్చాం. పని పెరిగింది, హెడ్ క్లార్కులు కావాలి. కొత్తవాళ్ళను వేసుకోవడానికి వాళ్ళకు మనసు రాలేదు. ఉన్న గుమాస్తాల్లోనే ఇద్దరికి ప్రమోషన్ ఇచ్చారు. ఒకడిని నేను, రెండోవాడు నా గదిలో పక్క చాప మీద పడుకునేవాడు.

అతనిది ఆదోని పక్క పల్లె. ఇంట్లో అందరూ సేద్యం చేసేవాళ్ళే, చదువుకుని ఊరు దాటింది ఇతనొక్కడే. డబ్బును దుడ్లు అనేవాడు, బ్యాంకులో కూడా. ఖాతాదారులు నవ్వితే తనూ నవ్వేవాడు. నాది అహోబిలం దోవలో ఒక పల్లె. నేను బ్యాంకులో అతనికంటే నాలుగు నెలలు ముందు చేరాను. ఆ నాలుగు నెలల పెద్దరికాన్ని నేను బాగానే వాడుకున్నాను. గదిలో కిటికీ పక్క చాప నాది. మెస్సులో ముందు వడ్డన నాకు. పొద్దున బావి దగ్గర మొదటి చేద నాది. అతను ఏనాడూ ఎదురు చెప్పలేదు. "సీనియర్ గదప్పా, కానీ" అనేవాడు.

ప్రమోషన్ ఉత్తర్వు ఒక బుధవారం వచ్చింది. నన్ను కడప బ్రాంచికి వేశారు, అతన్ని కర్నూల్లోనే ఉంచారు. ఆ కాగితం ఎవరు రాశారో గానీ మహానుభావుడు. మొదటి వాక్యంలో ప్రమోషన్ ఇచ్చి, మిగతా ఏడు వాక్యాల్లో దాన్ని వెనక్కి లాక్కున్నాడు. ఇది పూర్తిగా ప్రొవిజనల్ అట, ఏ క్షణాన్నయినా రద్దు కావచ్చట, దీనివల్ల ఏ హక్కూ రాదట. పెళ్ళికొడుకును పీటల మీద కూర్చోబెట్టి, ఇది పెళ్ళనుకోవద్దు నాయనా అని చెప్పినట్టుంది. అయినా నేను దాన్ని నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను.

ఆ కాగితంలోనే ఒక నిబంధన ఉంది, కథంతా దాని మీదే నడిచింది. హెడ్ క్లార్కుల్లో ఎవరు ముందు చార్జి తీసుకుంటే వాళ్ళు సీనియర్. ఇద్దరూ ఒకే రోజు తీసుకుంటే, ఉద్యోగంలో ముందు చేరినవాడు సీనియర్. చార్జి తీసుకోవడం అంటే తాళాల రిజిస్టరులో సంతకం పెట్టడం. బ్యాంకు ఇనప తలుపుకు రెండు తాళంచెవులు ఉండేవి. ఒకటి ఏజెంటు దగ్గర ఉంటుంది. బ్రాంచి పెద్దను అప్పట్లో ఏజెంటు అనేవాళ్ళం. రెండోది హెడ్ క్లార్కు దగ్గర. ఆ రెండో తాళంచెవి చేతికొచ్చి, రిజిస్టరులో తేదీ వేసి సంతకం పెడితేనే మీరు హెడ్ క్లార్కు. అంతదాకా మీరు బ్రాంచికి వచ్చిన చుట్టం.

నేను గురువారం పొద్దున ట్రంకుపెట్టెతో బస్టాండుకు బయల్దేరితే నా స్నేహితుడు దాన్ని మోసుకుంటూ వెంట వచ్చాడు. "నువ్వు నిదానంగా పోయి చేరుకో అప్పా. ఈడ నాకేం తొందర ల్యా" అన్నాడు. నేను బస్సులో సీటు గురించి ఆలోచిస్తున్నాను. ఆ మాట సరిగ్గా పట్టించుకోలేదు.

నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా ఒళ్ళంతా దుమ్ముతో కడపలో దిగాను. మరునాడు శుక్రవారం పొద్దున్నే బ్రాంచికి వెళ్ళాను. అక్కడి ఏజెంటు కమలాపురం మనిషి, రిటైరు కావడానికి దగ్గరలో ఉన్నాడు. పంచె, పైన కోటు, నుదుట నిలువు బొట్టు. నా ఉత్తర్వు చదివి, నన్ను ఆప్యాయంగా చూసి, "శానా సంతోషమప్పా. అయితే ఇయ్యాల శుక్రవారం. శుక్రవారం నాడు తాళాలు చేతులు మారితే లచ్చిమి ఎల్లిపోతాది. నా సర్వీసులో ఎప్పుడూ ఇయ్యలా. రేపు తీసుకుందువులే" అన్నాడు. బ్యాంకు లక్ష్మి బాధ్యత ఆయన మీద ఉన్నట్టు చెన్నపట్నం వాళ్ళకు తెలుసో లేదో. నేను హాజరు పట్టీలో సంతకం పెట్టి, గోడ పక్క స్టూలు మీద సాయంత్రం దాకా కూర్చున్నాను.

శనివారం కూడా తాళంచెవి నా చేతికి రాలేదు. ఆరోజు అమావాస్య. ఆదివారం సెలవు. సోమవారం పొద్దున రిజిస్టరులో సంతకం పెట్టాను. కర్నూల్లో నా స్నేహితుడు శనివారం పెట్టాడు. అక్కడి ఏజెంటు ముస్లిం పెద్దమనిషి, ఆయనకు అమావాస్యతో పేచీ లేదు.

ఈ రెండు రోజుల సంగతి మూడేళ్ళు ఎవరికీ గుర్తు రాలేదు. ఈ మూడేళ్ళూ నేను ప్రొవిజనల్ హెడ్ క్లార్కునే. పని మాత్రం ప్రొవిజనల్‌గా ఉండేది కాదు. తప్పు జరిగితే వచ్చే మెమో కూడా పక్కాగానే వచ్చేది. నా పెళ్ళయింది, కాపురం పెట్టాను. మా మామగారు ఒకసారి, "మా అల్లుడు ఇంకా ప్రొవిజనలే" అని ఎవరితోనో అంటే, పక్కనున్న ముసలాయన అది ఏదో జబ్బనుకుని ఏ వైద్యం చేయిస్తున్నారని అడిగాడు. ప్రతి ఏడూ హెడ్డాఫీసుకు నన్ను ఖాయం చెయ్యమని అర్జీ పెట్టేవాణ్ణి. ప్రతి ఏడూ, మీ విషయం పరిశీలనలో ఉంది అని జవాబు వచ్చేది. అంతగా పరిశీలిస్తే ఈపాటికి నా ఎముకలు కూడా కనబడి ఉండాలి.

చివరికి ఒకరోజు లిస్టు వచ్చింది. అకౌంటెంటు పదవులు కొత్తగా వస్తాయని, ఈ లిస్టు వరసలోనే ఇస్తారని చెప్పారు. లిస్టులో నా స్నేహితుడు నా పైన ఉన్నాడు. తేడా రెండు రోజులు.

మీకు నవ్వు రావచ్చు. నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. కిటికీ పక్క చాప నాదైనప్పుడు, మొదటి చేద నాదైనప్పుడు, లిస్టులో అతను పైన ఎలా ఉంటాడు? రేపు అతను అకౌంటెంటు అయి నా బ్రాంచికే వస్తే నేను లేచి నిలబడాలి గదా. నా బాధంతా అదే. జీతం తేడా గురించి ఆలోచించిన గుర్తు కూడా లేదు.

అందరికీ చెప్పుకున్నాను. "శుక్రవారం పొద్దున్నే పోయి నిలబడినా. ఆ ముసలాయన శుక్రవారమని, అమావాస్య అని నాకు తాళం ఇయ్యలా. తప్పు నాదా?" అని. బ్రాంచిలో చెప్పాను, హోటల్లో చెప్పాను, మంగలి దగ్గర చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం నునుపు తేలింది.

కడపలో నేను పట్టుకున్న ప్లీడరు జీవితమంతా గట్టు తగాదాలు వాదించినవాడు. సీనియారిటీ అనే మాట వినగానే ఆయన దాన్ని కూడా భూమి కిందే లెక్కగట్టాడు. "అంటే మీ చేను మీకు స్వాధీనం కాకముందే పక్కవాడు వచ్చి దున్నేసినాడు. అంతే గదా?" అన్నాడు. అంతేనేమో అనిపించింది. బ్యాంకు మొదటి ప్రతివాది, నా స్నేహితుడు రెండో ప్రతివాది. దావా ఇంగ్లీషులో తొమ్మిది పేజీలు రాశాడు. ఆరో పేజీలో, రెండో ప్రతివాది, నేను ప్రయాణంలో ఉన్న సంగతి కనిపెట్టి, కర్నూలు ఏజెంటుతో కుమ్మక్కై, ఆదరాబాదరాగా చార్జి తీసుకున్నాడని ఉంది.

"ఇది ఎందుకండీ? అతను అట్లాంటివాడు కాదు" అన్నాను.

"కుట్ర లేకుంటే దావాకు రుచి ఉండదు. ఉప్పులేని సంగటి తింటావా నువ్వు? సంతకం పెట్టు" అన్నాడు.

పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో లెక్కలేనన్ని సంతకాలు పెట్టాను. ఈ ఒక్కదానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

నా స్నేహితుడికి కోర్టు నోటీసు, దావా కాగితాలు వెళ్ళాయి. అతను వాటిని చదవకుండానే బ్యాంకు వకీలుకు పంపేశాడట. వాయిదాకు కర్నూలు నుంచి కడపకు వచ్చి తిన్నగా మా ఇంటికే వచ్చాడు, చేతిలో మా ఆవిడకు ఆదోని నుంచి తెచ్చిన శనక్కాయలతో. "నీ కేసు పుణ్యమా అని మీ ఇంటికి రావడమైనాది" అన్నాడు. అతన్ని లాడ్జిలో ఉండమనడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. "కేసు మీ ఇద్దరిది. అన్నం నాది" అంది.

అలా వాది, ప్రతివాది ఒకే వసారాలో చాపలు వేసుకుని పడుకుని, పొద్దున ఒకే ఉగ్గాని తిని, కలిసి కోర్టుకు నడిచేవాళ్ళం. కోర్టు గేటు దగ్గర మా ప్లీడరు మమ్మల్ని చూసి నెత్తి కొట్టుకున్నాడు. "దావా ఎవరి మీద వేసినావో వాణ్ణే ఇంట్లో పెట్టుకుని మేపుతావా? కొంచెం దూరంగానన్నా నడవండయ్యా" అన్నాడు. కొంచెం దూరంగా నడిచాం. వాయిదా పడింది. మళ్ళీ కలిసి ఇంటికొచ్చాం.

మూడో వాయిదా నాడు బ్యాంకు వకీలు కోర్టు వరండాలో అతన్ని కూర్చోబెట్టి దావా కాగితాలు తెలుగులో చెప్పాడు. నేను ఎదురు చెట్టు కింద ఉన్నాను. ఆరో పేజీ ఎప్పుడు వచ్చిందో నాకు తెలిసిపోయింది. అతను తల ఎత్తి నావైపు చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం అతను మా ఇంటికి రాలేదు. మా ఆవిడ రొట్టెలు చేసి, చాప పరిచి, వీధి గుమ్మంలో కూర్చుంది. స్టేషను దగ్గర సత్రంలో దిగాడని తరువాత తెలిసింది.

"ఏం రాసినారు ఆ కాగితంలో?" అంది.

"ప్లీడరు రాసినాడు" అన్నాను.

"సంతకం యారిది?" అంది. ఆమె పుట్టింటిది ఎమ్మిగనూరు పక్క, కోపమొస్తే కన్నడం దొర్లుతుంది.

అప్పుడైనా దావా వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. అప్పటికి పంతం పీకలదాకా వచ్చింది, పైగా గెలిస్తే అన్నీ సర్దుకుంటాయని ఒక పిచ్చి నమ్మకం. గెలవాలంటే సాక్షి కావాలి. రిటైరైన ఆ పాత ఏజెంటును వెతుక్కుంటూ కమలాపురం పోయాను. ఆయన ఇంటి ముందు నాపరాయి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి ఎంతో సంతోషించి, కర్బూజా కోయించి పెట్టాడు.

"నేను శుక్రవారమే కడపలో ఉంటినని ఒక్క మాట చెప్పండి సార్, చాలు" అన్నాను.

"చెప్పేదేందప్పా, నా దగ్గర కాగితమే ఉండాది. సర్వీసులో నా చేతికొచ్చిన ఒక్క చీటీ పారేసినోన్ని కాదు. ఎతికి తెస్తాలే. నీకేం భయంలా" అన్నాడు.

నేను గాల్లో తేలుతూ వచ్చి ప్లీడరుకు చెప్పాను. ఆయన చేతులు రుద్దుకున్నాడు. ఏం కాగితం అని ఆయన నన్ను అడగలేదు, నేను ఆ పెద్దాయన్ను అడగలేదు. హాజరు పట్టీ నకలు అయ్యుంటుందని ఇద్దరమూ అనుకున్నాం. గట్టు తగాదాలో అయితే ఆయన కాగితం చూడకుండా సాక్షిని బోనెక్కించి ఉండేవాడు కాదు. బ్యాంకు కాగితాలంటే అన్నీ మంచివేనని ఆయనకు గౌరవం.

సాక్ష్యాల రోజు కోర్టు నిండిపోయింది. మా బ్రాంచిలో సగం మంది ఏదో ఒక జబ్బు పేరుతో సెలవు పెట్టి వచ్చారు. బ్యాంకు తరఫున ఈసారి, వాయిదాలకు వచ్చే వకీలు కాకుండా, చెన్నపట్నం నుంచి ఒక అరవ వకీలు వచ్చాడు. సన్నగా, మర్యాదగా, ఎదుటివాణ్ణి కోసేటప్పుడు కూడా నొప్పి తెలియకుండా కోసే మనిషి.

ముందు నేను బోనెక్కాను. ప్రమాణం చేసి, శుక్రవారం, శనివారం రెండు రోజులూ ఏజెంటు తాళం ఇవ్వలేదని చెప్పాను. అబద్ధం చెబుతున్నానన్న స్పృహ ఏ కోశానా లేదు. పదిమందికి పదిసార్లు చెప్పేసరికి నాకే నిజమైపోయింది.

తరువాత పెద్దాయన ఎక్కాడు. కోటు జేబులోంచి మడత పెట్టిన చీటీ తీసి, గర్వంగా మున్సిఫ్‌గారికి అందించాడు. "ఈ పిల్లోడు శనివారం నాటికే కడపలో ఉండాడు దొరా. ఇదిగో, ఆయప్ప చేతిరాతే. మీరే చూడండి" అన్నాడు.

మున్సిఫ్ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు. తరువాత చీటీ అరవ వకీలు చేతికి వెళ్ళింది. ఆయన దాన్ని పైకి చదవమని పెద్దాయన్నే కోరాడు. పెద్దాయన గొంతు సవరించుకుని, పెళ్ళి పత్రిక చదివినట్టు చదివాడు.

"గౌరవనీయులైన ఏజెంటు గారికి. తమరు నేడు తాళములు ఇచ్చుటకు సిద్ధముగా నున్నను, నేడు అమావాస్య అగుటచేత నేను సోమవారము నాడు చార్జి తీసుకొనుటకు అనుమతింప ప్రార్థన."

కింద నా సంతకం ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారిగా మొత్తం గుర్తొచ్చింది. శనివారం పొద్దున ఆ పెద్దాయన తాళంచెవి నా ముందు బల్ల మీద పెట్టి, "తీసుకోప్పా, నాకు శుక్రవారం ఒక్కటే పట్టింపు" అన్నాడు. నా చెయ్యి ముందుకు పోలేదు. మా నాయన అమావాస్య నాడు కొత్త చెప్పులు కూడా తొడిగేవాడు కాదు. మూడు తరాల్లో మొదటి హెడ్ క్లార్కును, చీకటి రోజున మొదలుపెడితే ఎట్లా అని వెనక్కి తగ్గాను. రాతలో ఇస్తే మర్యాదగా ఉంటుందని నేనే చీటీ రాశాను. మంచి దస్తూరితో రాశాను కూడా.

ఆ శనివారం నేను సంతకం పెట్టి ఉంటే ఇద్దరిదీ ఒకే తేదీ. ముందు చేరినవాణ్ణి గనక నేనే సీనియర్. ఆయన శుక్రవారం పట్టింపు నన్ను ఏమీ చెయ్యలేదు. నన్ను ముంచింది నా అమావాస్యే.

"ఇది మీ రాతేనా?" అని మున్సిఫ్ అడిగాడు. అవునన్నాను.

అరవ వకీలు నావైపు జాలిగా చూసి, వచ్చీరాని తెలుగులో, "మా పక్కం అమావాస్య శానా మంచి రోజు సార్. నేను ప్రాక్టీసు పెట్టింది అమావాస్య నాడే. హెడ్డాఫీసు తలుపులు తెరిచింది కూడా అమావాస్య నాడే" అన్నాడు. కోర్టంతా నవ్వింది. బంట్రోతు కూడా నవ్వాడు. మా ప్లీడరు మాత్రం నన్ను పక్క చేను వాణ్ణి చూసినట్టు చూశాడు. పెద్దాయనకు ఎవరు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. బోను దిగి వచ్చి నా భుజం తట్టి, "పనైపోయినట్టే అప్పా" అన్నాడు. ఆ మాటయితే నిజమే.

చివర రెండో ప్రతివాది. మా ప్లీడరు మిగిలిన పౌరుషమంతా కూడదీసుకుని లేచాడు. "ఉత్తర్వు బుధవారం వచ్చింది. మీరు కర్నూల్లోనే ఉన్నారు. శనివారం అంత ఆదరాబాదరాగా ఎందుకు సంతకం పెట్టినారు?" అని గద్దించాడు.

నా స్నేహితుడు బోను కటకటాలు పట్టుకున్నాడు. నెమ్మదిగా చెప్పాడు. "ఆదరాబాదరా ఏమీ లేదు సార్. గురువారమే తీసుకోమని మా ఏజెంటు చెప్పినాడు. నేనే ఆపినా. ఆయప్ప నాకంటే ముందు చేరినోడు. ఆయప్ప శుక్రవారం కడపలో సంతకం పెడతాడు, నేను శనివారం పెడితే వరస సరిగ్గా ఉంటాదని రెండు దినాలు కాసుకోని ఉంటిని."

"దీనికి రుజువేమిటి?" అన్నాడు మా ప్లీడరు.

"మా ఏజెంటు తిట్టిన తిట్లే సార్. అవి ఆయన రాసియ్యలా."

మళ్ళీ నవ్వారు. ఈసారి నాకు వినబడలేదు. బస్టాండుకు ట్రంకుపెట్టె మోస్తూ అతనన్న మాట ఇన్నేళ్ళ తరువాత అప్పుడు వినబడింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది ఓటమి బాధ అనుకుని ప్లీడరు, అప్పీలు చేద్దాంలే అని చెవిలో చెప్పాడు.

తీర్పు శుక్రవారం చెబుతామన్నారు. ఎందుకో సోమవారానికి వాయిదా పడింది. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. దావా కొట్టేశారు.

కొన్నాళ్ళకు అకౌంటెంటు ఉత్తర్వులు వచ్చాయి. ఇద్దరికి ఇచ్చారు. ఒకరు అనంతపురం బ్రాంచిలో పనిచేసే పాత హెడ్ క్లార్కు, రెండోవాడు నా స్నేహితుడు. వరస మాత్రం పాత నిబంధన ప్రకారమే, ఎవరు ముందు చార్జి తీసుకుంటే వాళ్ళు పైన. నా స్నేహితుణ్ణి ఎక్కడికి వేశారని అడగనక్కర్లేదు. హెడ్డాఫీసులో హాస్యం తెలిసినవాడు ఎవరో ఉన్నాడు. కడపకే వేశారు. నా దగ్గరున్న రెండో తాళంచెవిని ఇక అకౌంటెంటుకు అప్పగించాలి.

అతను వచ్చిన రోజు శుక్రవారం. నేను లేచి నిలబడ్డాను. ఏ పనికి భయపడి రెండేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగానో ఆ పని అరక్షణంలో అయిపోయింది. మోకాళ్ళకు ఏమీ కాలేదు. రిజిస్టరు తెరిచి, తాళంచెవి దాని మీద పెట్టి అతని ముందుకు తోశాను.

అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఇయ్యాల శుక్రవారం గదప్పా" అన్నాడు.

"నీకు ఈ పట్టింపులు ఎప్పట్నుంచి?"

"నాకు లేవు. ఈ బ్రాంచికి ఉండాయి గదా."

గోడ పక్కన అదే స్టూలు ఉంది. పోయి దాని మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా పేపరు చదివాడు. శనివారం వచ్చి మళ్ళీ అక్కడే కూర్చున్నాడు. "ఈరోజు అమావాస్య కాదు" అన్నాను. "తెలుసులే. సోమారం తీసుకుంటా. అంతవరకు ఆ కుర్చీలో నువ్వే కూర్చో" అన్నాడు. కొత్త ఏజెంటు, ఇదేం బ్రాంచిరా దేవుడా అన్నట్టు మా ఇద్దరినీ చూశాడు. సోమవారం పొద్దున అతను తేదీ వేసి సంతకం పెట్టాడు.

ఆ రెండు రోజులు నాకు సరదాగానే తోచాయి. నాతో వేళాకోళం ఆడుతున్నాడని, పాత మాట కడిగేసుకుంటున్నాడని అనుకున్నాను. మళ్ళీ లిస్టు వచ్చినప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. అనంతపురం ఆయన శనివారం చార్జి తీసుకున్నాడు. లిస్టులో ఆయన పైన, నా స్నేహితుడు కింద. తేడా రెండు రోజులు. ఆ పై మెట్టు అనంతపురం ఆయన ముందు ఎక్కాడు, మావాడు చాలా కాలం వెనకే ఉండిపోయాడు.

ఆ నిబంధన అతనికి తెలియదనుకోవడానికి వీల్లేదు. దాని మీద రెండేళ్ళు బోను చుట్టూ తిరిగినవాడు. లిస్టు పట్టుకుని అతని బల్ల దగ్గరికి వెళ్ళాను.

"కోర్టుకు పోదాం. ఏం జరిగిందో నేను సాక్ష్యం చెబుతా" అన్నాను.

అతను లిస్టు చూసి మడిచి సొరుగులో పెట్టాడు. "వద్దులేప్పా. నువ్వు సాక్ష్యానికొస్తే నీ చేతిరాత యాడ బయటపడతాదో" అన్నాడు.

"నీకు తప్పు చేసినా" అన్నాను. ఆరో పేజీ గురించే అన్నాను, అతనికి అర్థమైంది. "ఇంటికి రా" అన్నాను. సరేనన్నాడు.

ఆ సాయంత్రం అతను శనక్కాయల సంచితో వచ్చాడు. మా ఆవిడ అతన్ని చూసి లోపలికి పోయి, పొయ్యి మీద పెనం పెట్టింది. జొన్నరొట్టె, వంకాయ కూర, శనగపొడి. మాకిద్దరికీ ఎదురెదురుగా కంచాలు పెట్టి మధ్యలో కూర్చుంది. రెండేసి రొట్టెలు అయ్యాయి.

"కేసు అయిపోయిందా అన్నా?" అని అడిగింది.

"అయిపోయినాదమ్మా."

"యారు గెలిచినారు?"

అతను రొట్టె తుంచుతూ, తల ఎత్తకుండా, "సీనియర్‌ను అడుగు" అన్నాడు.

ఆమె అతన్ని చూసింది. అతను రొట్టె ముక్కతో నావైపు చూపించాడు. నా నోట్లో ముద్ద ఉంది, అది మింగడానికి చాలాసేపు పట్టింది.